చట్టంలో మనిషిగా నిలిచిన స్టాండింగ్ బేర్

ఆగస్టు 9 వస్తే మన గూడేల్లో జెండాలు ఎగురుతాయి, డప్పులు మోగుతాయి. కొమురం భీం, బిర్సా ముండా పటాలకు దండలు వేస్తాం. అది ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. పేరులో ప్రపంచం ఉన్నా, ఆ రోజు మనకు గుర్తొచ్చేది ఎక్కువగా మన కొండలూ మన వీరులే. అందుకే ఈ సంచికలో సముద్రాల అవతలి ఒక ఆదివాసీ పెద్ద జీవితం చెప్పుకుందామని అనుకున్నాం. ఆయన దొరతనం మీద విల్లు ఎక్కుపెట్టలేదు, తుపాకీ ఎత్తలేదు. చనిపోయిన కొడుకు ఎముకలు వెంటబెట్టుకుని నడిచారు. ఆ నడక ఆయన్ని కోర్టు దాకా తీసుకెళ్లింది. ఆదివాసీ కూడా చట్టం దృష్టిలో ఒక వ్యక్తేనని అమెరికాలోని ఒక న్యాయమూర్తి మొదటిసారి తీర్పు రాసింది ఆయన కేసులోనే.

ఆయన పేరు స్టాండింగ్ బేర్. సొంత భాషలో మాచునాజా. నిలబడిన ఎలుగుబంటి అని దాని అర్థం.

నయోబ్రారా ఒడ్డున

స్టాండింగ్ బేర్ 1829 ప్రాంతంలో పోంకా తెగలో పుట్టారు. పోంకాలు కొద్దిమందే. మిస్సోరీ నదిలో నయోబ్రారా నది కలిసే చోట, ఇప్పుడు నెబ్రాస్కా రాష్ట్రంగా ఉన్న ప్రాంతంలో వాళ్ల ఊళ్లు ఉండేవి. నది పక్క మెత్తటి నేలలో మొక్కజొన్న పండించేవారు, కాలం వచ్చినప్పుడు అడవి దున్నల వేటకు వెళ్లేవారు. పంట నేల ఒకవైపు, తాత ముత్తాతల సమాధులు మరోవైపు. మనకు పోడు, వేట, కొండ దేవత, పెద్దల సమాధి రాళ్లు ఎలాగో వాళ్లకూ అలాగే.

పోంకాలు అమెరికా ప్రభుత్వంతో ఎన్నడూ యుద్ధం చేయలేదు. 1858లో ఒక ఒప్పందం మీద గుర్తు పెట్టి తమ నేలలో చాలా భాగం వదులుకున్నారు. నయోబ్రారా దగ్గర కొంత భూమి తమకు ఉంచుకున్నారు. ఆ భూమికి, వాళ్ల ప్రాణాలకు రక్షణ ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. 1865లో మరో ఒప్పందం జరిగింది. సమాధులూ మొక్కజొన్న చేలూ ఉన్న నేల వాళ్లకే చెందుతుందని అందులో రాశారు.

ఇక్కడ రెండు మాటలు విడమరచి చెప్పుకోవాలి. మనకు రిజర్వేషన్ అనగానే చదువులో, ఉద్యోగంలో వాటా గుర్తొస్తుంది. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. ఒక తెగ నివసించడానికి ప్రభుత్వం గీత గీసి ఉంచిన భూభాగాన్ని అక్కడ రిజర్వేషన్ అంటారు. దాని మీద పెత్తనం చేసే ప్రభుత్వ ఉద్యోగి ఏజెంటు, అతను కూర్చునే చోటు ఏజెన్సీ. రేషను ఇచ్చేది అతనే, బయటికి వెళ్లాలంటే అనుమతి ఇచ్చేదీ అతనే. ఏజెన్సీ అనే మాట మనకూ కొత్తది కాదు. 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించింది. మన కొండలకు ఏజెన్సీ అనే పేరు అలా వచ్చింది. అక్కడా ఇక్కడా ఆదివాసీకి పాలకుడూ న్యాయం చెప్పేవాడూ చాలాకాలం ఒక్కడే అయ్యాడు.

కాగితం మీద చేజారిన నేల

1868లో అమెరికా ప్రభుత్వం లకోటా తెగతో ఫోర్ట్ లారమీలో ఒప్పందం చేసుకుంది. లకోటాలకు ఇచ్చే భూమి సరిహద్దులు రాసేటప్పుడు అధికారులు పోంకాల భూమిని కూడా అందులో కలిపేశారు. పోంకాలను ఎవరూ అడగలేదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తెల్లారేసరికి వాళ్ల చేలూ సమాధులూ కాగితం మీద వేరే తెగవైపోయాయి. రాతలో జరిగిన ఆ తప్పును దిద్దడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు. కానీ ఏళ్లు గడిచినా దిద్దలేదు. రెండు తెగల మధ్య గొడవలు పెరిగాక, రాత మార్చడానికి బదులు మనుషులనే తరలించాలని నిర్ణయించింది.

1877 మొదట్లో ఒక అధికారి స్టాండింగ్ బేర్‌తో పాటు పదిమంది పెద్దలను దక్షిణాదిన ఉన్న ఇండియన్ టెరిటరీకి తీసుకెళ్లాడు. ఇప్పుడది ఓక్లహోమా రాష్ట్రం. నేల చూసి నచ్చితేనే రావచ్చన్నది పెద్దలు అర్థం చేసుకున్న మాట. వాళ్లకు ఆ నేల నచ్చలేదు. ఇంటికి తీసుకెళ్లమంటే అధికారి ఒప్పుకోలేదు. చేతిలో డబ్బు లేదు, దారిలో మాట చెప్పేవాళ్లు లేరు. నడవలేని ఇద్దరు ముసలివాళ్లు ఆగిపోగా, మిగతా ఎనిమిది మంది చలికాలంలో వందల మైళ్లు నడిచి వెనక్కి వచ్చారు.

వాళ్లు వచ్చినా ప్రభుత్వం ఆగలేదు. అదే ఏడాది సైన్యాన్ని పెట్టి తెగనంతా తరలించింది. ఇళ్లు, పనిముట్లు, నాటిన పంట అన్నీ వదిలి జనం బయల్దేరారు. దారంతా వానలు, గాలివాన, జబ్బులు. స్టాండింగ్ బేర్ కూతురు ప్రైరీ ఫ్లవర్ దారిలోనే చనిపోయింది. ఆమెను నెబ్రాస్కాలో, తెలియని ఊరి నేలలో పూడ్చి ముందుకు నడవాల్సి వచ్చింది. కొత్త చోట ఉండడానికి ఇళ్లు లేవు, జ్వరాలకు మందు లేదు. అక్కడికి వెళ్లిన 581 మందిలో ఏడాది, ఏడాదిన్నరలోనే 158 మంది చనిపోయారు. ఈ లెక్క తర్వాత కోర్టు తీర్పులోకే ఎక్కింది.

కొడుకు కోరిక

1878 చివర్లో స్టాండింగ్ బేర్ పెద్ద కొడుకు బేర్ షీల్డ్ కూడా జబ్బు పడ్డాడు. ఇంగ్లీషు నేర్చుకున్న పిల్లవాడు. రేపు తెగకు అండగా ఉంటాడని తండ్రి ఆశపడిన పిల్లవాడు. చనిపోయే ముందు తండ్రి దగ్గర ఒక మాట తీసుకున్నాడు. తన ఎముకలను నయోబ్రారా ఒడ్డున, తన వాళ్ల పక్కన పూడ్చాలని. అలా పూడ్చకపోతే చనిపోయినవాడు పరలోకంలో ఒంటరిగా తిరుగుతాడని వాళ్ల నమ్మకం.

మన ఊళ్లలో దినాలు, సమాధి రాయి నిలిపే ఆచారం తెలిసినవాళ్లకు ఈ మాట బరువు వేరే చెప్పనక్కర్లేదు. స్టాండింగ్ బేర్ 1879 జనవరి 2న, మంచు కురుస్తుండగా, కొడుకు ఎముకలు బండిలో పెట్టుకుని ఉత్తరానికి బయల్దేరారు. వెంట ఆడవాళ్లు, పిల్లలు, జబ్బుపడినవాళ్లు కలిసి సుమారు 30 మంది. ఏజెంటు అనుమతి లేదు. దారిలో రైతులు పెట్టింది తింటూ, గడ్డివాముల పక్కన పడుకుంటూ రెండు నెలలకు పైగా నడిచి మార్చిలో ఒమాహా తెగ రిజర్వేషన్‌కు చేరారు. ఒమాహాలు పోంకాలకు బంధువుల్లాంటివాళ్లు. ఇద్దరి భాషా దాదాపు ఒకటే. ఒమాహాలు వాళ్లకు తిండి పెట్టి, దున్నుకోమని నేల ఇచ్చారు. వాళ్లు దున్నడం మొదలుపెట్టారు.

అంతలో సైన్యం వచ్చింది. అనుమతి లేకుండా రిజర్వేషన్ వదిలి వచ్చినందుకు పట్టుకుని వెనక్కి పంపాలని వాషింగ్టన్ ఆజ్ఞ. అందరినీ ఒమాహా నగరం దగ్గరి సైనిక స్థావరంలో నిర్బంధించారు. వాళ్లు దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు. వాళ్ల మీద ఏ కోర్టులోనూ కేసు లేదు. తెగవాళ్లు అయి ఉండి, అనుమతి లేకుండా నడవడమే వాళ్లు చేసిన తప్పు.

కోర్టుకు చేరిన దారి

కేసు తనంతట తాను కోర్టుకు వెళ్లదు. ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. ఈ కథలో ఆ పని నలుగురు చేశారు.

మొదటివాడు వాళ్లను పట్టుకున్న సైన్యాధికారే. జనరల్ జార్జ్ క్రూక్ అనేక తెగలతో యుద్ధాలు చేసిన మనిషి. వీళ్ల పరిస్థితి చూశాక ఆ ఆజ్ఞ అన్యాయమని ఆయనకు అనిపించింది. పై అధికారుల మాట కాదనలేక, థామస్ టిబుల్స్ అనే పత్రికా సంపాదకుడికి విషయం తెలిసేలా చేశాడు. టిబుల్స్ వార్త రాసి దేశమంతా పంపాడు, ఆపైన లాయర్ల కోసం తిరిగాడు. యువ న్యాయవాది జాన్ వెబ్‌స్టర్ ఒప్పుకున్నాడు. యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి పెద్ద లాయరైన ఆండ్రూ పాపుల్టన్ కూడా తోడు వచ్చాడు. ఇద్దరూ ఒక్క డాలరు ఫీజు అడగలేదు.

వాళ్లు వేసింది హెబియస్ కార్పస్ పిటిషన్. మనిషిని నిర్బంధించినవాళ్లు ఆ మనిషిని జడ్జి ముందు నిలబెట్టి, ఏ చట్టం కింద పట్టుకున్నారో చెప్పాలని కోరే దరఖాస్తు అది. కారణం చట్టానికి నిలబడకపోతే జడ్జి అక్కడికక్కడే విడిచిపెట్టమంటాడు. కేసు రికార్డులో స్టాండింగ్ బేర్‌కు ఎదుటి పక్షం పేరు జనరల్ క్రూక్‌దే. పట్టుకున్నది అతనే కాబట్టి జవాబు చెప్పాల్సిందీ అతనే.

1879 మే 1న ఒమాహాలో విచారణ మొదలైంది. పీఠం మీద ఫెడరల్ జిల్లా జడ్జి ఎల్మర్ డండీ ఉన్నారు. ప్రభుత్వ న్యాయవాది లాంబర్ట్‌సన్ వాదన సూటిగా ఉంది. ఇండియన్ అమెరికా పౌరుడు కాడు, చట్టం చెప్పే వ్యక్తి కూడా కాడు, కాబట్టి అతనికి కోర్టు తలుపు తట్టే హక్కే లేదన్నాడు. అక్కడ ఇండియన్ అంటే ఆ నేల ఆదివాసీ అని గుర్తుంచుకోవాలి. ఆ వాదన గెలిస్తే, వీళ్లను పట్టుకోవడం న్యాయమా కాదా అనే ప్రశ్న దాకా జడ్జి వెళ్లే అవసరమే ఉండదు. తలుపు దగ్గరే కేసు అయిపోతుంది. ఆ తెగలవాళ్లను ఎవరు ఏం చేసినా అడిగే చోటు ఉండదు.

రెండు రోజులు వాదనలు నడిచాయి. చివర్లో స్టాండింగ్ బేర్ లేచి, దుబాసీ సాయంతో మాట్లాడారు. చేయి చాచి, తన రక్తమూ అందరి రక్తంలాంటిదేనని, తననూ దేవుడే చేశాడని చెప్పారు. కోర్టు గదిలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. జనరల్ క్రూక్ లేచి వచ్చి ఆయన చేయి పట్టుకున్నాడని చెబుతారు.

జడ్జి చూసింది ఏమిటి

తీర్పు మే 12న వచ్చింది. మనం నిదానంగా చదువుకోవాల్సింది దాన్నే.

జడ్జి డండీ కూడా ఆ మాటలకు కదిలారు. ఇంత జాలి కలిగించే కేసు తన ముందుకు ఎప్పుడూ రాలేదని తీర్పు మొదట్లోనే రాశారు. కానీ జాలితో తీర్పు చెప్పడం తన పని కాదని, చట్టం ఏం చెబుతోందో అదే చూడాలని కూడా రాశారు. ఆ తర్వాత ఆయన చేసింది చాలా చిన్న పని. హెబియస్ కార్పస్ చట్టాన్ని తెరిచి ఏ మాట వాడారో చూశారు. అందులో పౌరుడు అని లేదు, వ్యక్తి అని ఉంది. ఆ మాటకు అర్థం కోసం నిఘంటువు తీశారు. ఆలోచించే, బతికి ఉన్న మనిషి అన్న అర్థమే అందులో ఉంది. ఏ రంగు, ఏ తెగ అన్న షరతు లేదు. కాబట్టి ఇండియన్ కూడా చట్టం చెప్పే వ్యక్తే, అతను కోర్టుకు రావచ్చు అన్నారు. తన తెగను వదిలి వేరే చోట బతికే హక్కు మిగతా వాళ్లకు ఎలా ఉందో అతనికీ అలాగే ఉందన్నారు. ఏ నేరమూ చేయని మనిషిని సైన్యం బలవంతంగా వేరే చోటికి తరలించడానికి ఏ చట్టమూ అధికారం ఇవ్వలేదన్నారు. ఖైదీలను విడిచిపెట్టమన్నారు.

ఒక్క మాట ఎలా చదివారు అన్నదాని మీద 30 మంది బతుకులు నిలిచాయి. అంతకుముందు ఆ చట్టం లేక కాదు, ఆ మాట లేక కాదు. ఆ మాట తమకూ వర్తిస్తుందని అడిగినవాళ్లు లేరు, అవునని రాసిన జడ్జి లేడు.

స్టాండింగ్ బేర్ ఒమాహా నుంచి బయల్దేరి కొడుకు ఎముకలను నయోబ్రారా దగ్గర పూడ్చిపెట్టారు. మాట నిలబెట్టుకున్నారు.

తీర్పు చేరని చోట

కథ ఇక్కడితో ఆపితే చక్కగా ఉంటుంది. కానీ అది సగం నిజమే అవుతుంది.

స్టాండింగ్ బేర్ తమ్ముడు బిగ్ స్నేక్ ఇండియన్ టెరిటరీలోనే ఉండిపోయాడు. అన్న గెలిచిన సంగతి విని, ఆ తీర్పు తనకూ పనికొస్తుందని నమ్మి, కొంతమందిని వెంటబెట్టుకుని పక్కనే ఉన్న షయాన్ రిజర్వేషన్‌కు వెళ్లాడు. ఆ తీర్పు అందులో పేరున్నవాళ్లకే వర్తిస్తుందని అధికారులు చెప్పి అతన్ని వెనక్కి తెచ్చారు. 1879 అక్టోబర్ 31న ఏజెంటు గదిలో అతన్ని అరెస్టు చేయబోయారు. అతను ఒప్పుకోలేదు. ఒక సైనికుడు కాల్చి చంపాడు. అన్నకు స్వేచ్ఛ ఇచ్చిన తీర్పు వచ్చి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు.

ప్రభుత్వం ఆ తీర్పును పై కోర్టులో వాదించి తేల్చుకోలేదు. దానితో అది సుప్రీంకోర్టు మాట కాలేదు, దేశమంతటికీ కట్టుబాటు కాలేదు. 1880లో జాన్ ఎల్క్ అనే ఆదివాసీ తెగను వదిలి ఒమాహా నగరంలో ఉంటూ ఓటు నమోదుకు వెళితే అధికారి తిప్పి పంపాడు. అతని తరఫున వాదించింది కూడా వెబ్‌స్టర్, పాపుల్టన్‌లే. 1884లో సుప్రీంకోర్టు అతను పౌరుడు కాదని తీర్పు ఇచ్చింది. జస్టిస్ హార్లన్ ఆ తీర్పుతో విభేదించి తన అభిప్రాయం విడిగా రాశారు. అమెరికా ఆదివాసీలందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం 1924లో గానీ రాలేదు.

తీర్పులో మరో ముడి కూడా ఉంది. జడ్జి విడిపించింది తెగ నుంచి విడిపోయి వేరుగా బతుకుతామన్న వ్యక్తులను. పోంకా తెగకు దాని భూమి తిరిగి ఇవ్వాలని ఆయన చెప్పలేదు. ఆ ప్రశ్న ఆయన ముందుకు రాలేదు. ఆదివాసీ మనిషే అన్న మాటను పట్టుకునే కొందరు మేలు కోరేవాళ్లు, ఉమ్మడి భూమిని ముక్కలు చేసి తలా కొంత ఇస్తే వాళ్లూ అందరిలా అవుతారని వాదించారు. 1887లో డాస్ చట్టం అలా వచ్చింది. అప్పటికి తెగల చేతిలో ఉన్న సుమారు 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్ల ఎకరాలకు తగ్గిపోయాయి. మనిషిగా గుర్తింపు ఎంత అవసరమో, జాతిగా నేల మీద హక్కు అంతే అవసరమని ఈ లెక్క చెబుతుంది.

ఊరూరా తిరిగిన పెద్ద

విడుదలయ్యాక స్టాండింగ్ బేర్ ఇంట్లో కూర్చోలేదు. 1879 అక్టోబర్ నుంచి తూర్పు నగరాలకు వెళ్లి, చికాగో, బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియాల్లో సభల్లో మాట్లాడారు. ఆయన మాటను ఇంగ్లీషులోకి మార్చింది సుజెట్ లా ఫ్లెష్ అనే ఒమాహా యువతి. ఆమె తన రిజర్వేషన్ బడిలో టీచరు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. ఆమె చెల్లెలు సూజన్ ఆ తర్వాత 1889లో డాక్టరు పట్టా పొంది, అమెరికా ఆదివాసీ మహిళల్లో తొలి వైద్యురాలయ్యింది. మా హాస్టల్ ఆడపిల్లలకు ఈ అక్కచెల్లెళ్ల కథ ఎన్నిసార్లు చెప్పినా మాకు విసుగు రాదు. స్టాండింగ్ బేర్‌కు గుండె ఉంది, మాట ఉంది. కానీ ఆ మాట సభకు చేరడానికి రెండు భాషలు తెలిసిన ఒక చదువుకున్న పిల్ల కావాల్సి వచ్చింది.

ఆ సభల వల్ల పత్రికలు రాశాయి, జనం అడిగారు. బోస్టన్ సభలో ఆయన మాట విన్న హెలెన్ హంట్ జాక్సన్ అనే రచయిత్రి, ప్రభుత్వం తెగలతో మాట తప్పిన చరిత్రంతా 1881లో పుస్తకంగా తెచ్చింది. సెనేట్ విచారణ జరిగింది. అధ్యక్షుడు హేస్ ఒక కమిషన్ వేశాడు. 1881లో పోంకాలకు జరిగిన నష్టానికి పరిహారంగా అమెరికా పార్లమెంటు 1,65,000 డాలర్లు మంజూరు చేసింది. నయోబ్రారా దగ్గర ఉండాలనుకున్నవాళ్లు ఉండవచ్చని ఒప్పుకుంది. కోర్టు తెరిచిన తలుపును జనం నెడితే గానీ ఇవి రాలేదు.

పోంకాల్లో కొందరు దక్షిణాన స్థిరపడ్డారు, కొందరు ఉత్తరాన. ఈ రోజుకీ ఓక్లహోమాలో ఒక పోంకా తెగ, నెబ్రాస్కాలో ఒక పోంకా తెగ వేరువేరుగా ఉన్నాయి. ఆ విడిపోవడాన్ని ఏ తీర్పూ అతకలేదు. స్టాండింగ్ బేర్ తన నది పక్కనే వ్యవసాయం చేసుకుంటూ 1908 సెప్టెంబరులో చనిపోయారు. పెద్దలున్న కొండ మీదే ఆయన్నీ పూడ్చారు. 2019లో వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవనంలో నెబ్రాస్కా రాష్ట్రం తరఫున ఆయన విగ్రహం పెట్టారు.

మన వైపు చూసుకుంటే

అమెరికాలో ఒక జడ్జి తలుపు తీసిన కాలంలోనే, మన దేశంలో ఆ తలుపు మూసే చట్టం నడుస్తోంది. 1871 నేరస్థ తెగల చట్టం కింద ప్రభుత్వం ఒక తెగను నేరస్థ తెగ అని ప్రకటిస్తే, ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ అడగకూడదని చట్టంలోనే రాశారు. 1911 చట్టంతో ఇది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. హాజరు వేయించుకోవాలి, బయటికి వెళ్లాలంటే పాసు ఉండాలి. స్టాండింగ్ బేర్ మీద పెట్టిన తప్పూ పాసు లేని నడకే కదా. తేడా ఏమిటంటే, ఆయన్ని ఒక జడ్జి ముందు నిలబెట్టగలిగారు. మనవాళ్లకు ఆ దారి లేకుండా చేశారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో.

ఇవాళ హెబియస్ కార్పస్ మన రాజ్యాంగంలోనే ఉంది. ఎవరినైనా అన్యాయంగా నిర్బంధిస్తే 226వ అధికరణం కింద హైకోర్టుకు, 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు.

వ్యక్తి అన్న మాట మన దగ్గర కూడా ఒక పెద్ద కేసును తేల్చింది. మనం 1/70 అని పిలుచుకునే భూ బదలాయింపు నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ఏ వ్యక్తీ గిరిజనేతరుడికి బదిలీ చేయకూడదు. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గనుల కోసం ప్రభుత్వమే గిరిజనేతరులకు లీజులు ఇచ్చింది. ప్రభుత్వం ఒక వ్యక్తా, ఆ నిషేధం దానికి వర్తిస్తుందా అన్నది ప్రశ్న. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు, వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉందని తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సఘీర్ అహ్మద్ అలా చదివారు. జస్టిస్ పట్నాయక్ విభేదించారు. ఒక్క జడ్జి అటు ఒరిగి ఉంటే తీర్పు మరోలా ఉండేది. 1879లో ఆ మాట ఆదివాసీని చట్టం లోపలికి తెచ్చింది. 1997లో అదే మాట ప్రభుత్వాన్ని చట్టానికి కట్టేసింది.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుంటే మన యువతకు చేయాల్సిన పనులు మూడు కనిపిస్తాయి. ఒకటి, చట్టాన్ని మాట మాటగా చదవడం. 1/70 అని నినాదం ఇస్తాం, అందులో ఏముందో ఎంతమందిమి చదివాం? రెండు, లాయరు ఫీజుకు భయపడి ఆగిపోకపోవడం. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగలవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే లాయరును ఇస్తారు. మూడు, తీర్పు వచ్చాక ఇంటికి వెళ్లిపోకుండా, అది ఊళ్లో అమలవుతోందా అని చూడడం. ఆ కాపలా లేకే బిగ్ స్నేక్ ప్రాణం పోయింది.

మనలో టీచర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, కానిస్టేబుళ్లు ఉన్నారు. లాయర్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతే, జడ్జీలు ఇంకా తక్కువ. కువీ, గోండి, కోయ, సవర మాట్లాడే మనిషి బోనులో నిలబడినప్పుడు అతని మాట అర్థమయ్యే మనిషి ఆ గదిలో ఒక్కరైనా ఉండాలి. డిగ్రీ తర్వాత ఏం చదవాలని అడిగే పిల్లలకు మేము ఈ మధ్య న్యాయశాస్త్రం పేరు కూడా చెబుతున్నాం.

స్టాండింగ్ బేర్ ఇంగ్లీషు చదవలేదు, చట్టం చదవలేదు. కొడుక్కి ఇచ్చిన మాట కోసం నడిచారు. ఆ మాట కోసం కోర్టులో నిలబడాల్సి వస్తే నిలబడ్డారు. ఆయన తర్వాత పుట్టినవాళ్లం, చదువుకున్నవాళ్లం, మనం నిలబడడానికి ఆయనకున్నన్ని అడ్డంకులు లేవు.

నయోబ్రారా పెద్దకు మన కొండల నుంచి జోహార్లు.